మీరిక లేరన్నది రాజ్యం

1975 సెప్టెంబరు 22న తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఒక రాక్ బృందం తన లైసెన్సు కోసం జిల్లా సాంస్కృతిక అధికారుల ముందు హాజరైంది. వాయించి చూపించి, శ్రేణి ఖరారు చేయించుకుని వెళ్లడం అక్కడి రివాజు. ఆ రోజు అధికారులు వాయించమని అడగనే లేదు. ముందే తెప్పించుకుని చదివిన పాటల్లో కార్మికవర్గానికి అవమానం ఉందన్నారు, రాజ్యం మీదా దాని రక్షణ సంస్థల మీదా అపనింద ఉందన్నారు. కనుక తమ దృష్టిలో ఆ బృందం ఇక లేదన్నారు. మమ్మల్ని నిషేధిస్తున్నారా అని బృంద నాయకుడు క్లాస్ యెంచ్ అడిగాడు. నిషేధించామని మేం అనలేదు, మీరు లేరని మాత్రమే అన్నాం అన్నది వాళ్ల జవాబు సారాంశం. యెంచ్ రహస్యంగా టేప్ రికార్డరు తిప్పుతూనే ఉన్నాడు కాబట్టి ఆ సంభాషణ చరిత్రకు దక్కింది. లేకపోతే అలా అన్నారని చెప్పినా ఎవరూ నమ్మేవారు కాదేమో. ఆ బృందం పేరు క్లాస్ రెన్ఫ్ట్ కాంబో. దేశంలో యువతరం అందరికన్నా ఎక్కువగా అభిమానించిన బృందాల్లో అదొకటి. అప్పటికే ప్రభుత్వ రికార్డు సంస్థ అమీగా రెండు ఆల్బమ్‌లు వేసింది.

రెన్ఫ్ట్ కథను పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా ఒకే మూసలో చెబుతున్నారు. అమెరికా నుంచి రాక్ అండ్ రోల్ వచ్చింది, ఇనుప తెర వెనక కుర్రాళ్లకు స్వేచ్ఛ రుచి చూపించింది, నియంతలు భయపడి నిషేధించారు, చివరికి గిటార్లే బెర్లిన్ గోడను కూల్చాయి అన్నది ఆ కథ. వినడానికి బాగుంటుంది. కానీ రెన్ఫ్ట్ విషయంలో అది సాక్ష్యాలకు నిలవదు. పైగా ఆ మనుషులకు అన్యాయం చేస్తుంది. బయటి నుంచి వచ్చిన సంగీతాన్ని ఎలా సంభాళించుకోవాలో తూర్పు జర్మనీ రాజ్యం నేర్చుకుంది. ఒకసారి నిషేధించింది, ఒకసారి అనుకరించింది, ఇంకోసారి లైసెన్సిచ్చి జీతం కట్టింది. దానికి మింగుడు పడనిది వేరు. తన గడ్డమీద పుట్టి, తన బడిలో చదివి, తన భాషలోనే పాడుతూ, తాను ఇచ్చిన మాటల్ని నిజమని నమ్మి అవి ఏమయ్యాయని అడిగిన గొంతును అది భరించలేకపోయింది. యెంచ్ మీద రాజ్యం మూడుసార్లు వేటు వేసింది. ఆ మూడుసార్లూ మోపిన ఆరోపణల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

మొదటి వేటు నాటికి ఆరోపణ సూటిగానే ఉంది. 1942లో యేనాలో పుట్టిన యెంచ్ పదహారేళ్ల వయసులో, 1958లో, లైప్‌జిగ్‌లో బృందం కట్టాడు. తల్లి పుట్టింటి పేరైన రెన్ఫ్ట్‌ను బృందానికి పెట్టుకున్నాడు. ఆ ఏడాదే ఎల్విస్ ప్రెస్లీ అమెరికన్ సైనికుడిగా పశ్చిమ జర్మనీకి వచ్చాడు. రేడియో తరంగాలకు సరిహద్దు లేదు కనుక లైప్‌జిగ్ కుర్రాళ్లు లక్సెంబర్గ్ స్టేషన్ పెట్టుకుని వినేవారు, విన్నది గిటార్ మీద పట్టుకునేవారు. ప్రభుత్వం అదే ఏడాది జనవరిలో ఒక నిబంధన తెచ్చింది. ఎక్కడ సంగీతం వాయించినా అందులో 60 శాతం స్వదేశానిదో సోషలిస్టు దేశాలదో కావాలి, పశ్చిమ దేశాలది 40 శాతం దాటకూడదు. 1959లో లిప్సీ అనే కొత్త నృత్యాన్ని కూడా తయారుచేయించి ప్రచారంలోకి తెచ్చారు. జంటలు దూరం జరిగి ఎగరకుండా పట్టుకునే ఆడాలన్నది దాని ఉద్దేశం. అదే ఏడాది లైప్‌జిగ్ వీధుల్లో లిప్సీ వద్దనీ ఎల్విస్ కావాలనీ నినాదాలు చేసిన కుర్రాళ్లకు జైలుశిక్షలు పడ్డాయి. ఇలాంటి ఊళ్లో చక్ బెర్రీ తరహా పాటలు వాయించే బృందం ఎక్కువకాలం నిలవడం కష్టం. 1962లో క్లాస్ రెన్ఫ్ట్ కాంబోకు అనుమతి రద్దయింది. కారణం ఒక్కటే, అమెరికన్ సంగీతం.

యెంచ్ బట్లర్స్ అనే పేరుతో మళ్లీ వేదికెక్కాడు. కాలం కొంత కలిసొచ్చింది. గోడ కట్టేశాక పాలకులకు ధీమా పెరిగి, 1963 సెప్టెంబరులో యువతను నమ్మాలంటూ పార్టీయే ఒక ప్రకటన చేసింది. 1964 మేలో బెర్లిన్‌లో జరిగిన యువజన సమ్మేళనంతో యువతకోసం ప్రత్యేక రేడియో కార్యక్రమం మొదలైంది. 1965లో అమీగా స్వయంగా బీటిల్స్ రికార్డు విడుదల చేసింది, యువజన సంఘం గిటార్ పోటీలు పెట్టింది. ఇది ఆదివారం ముచ్చట కోసం చెప్పే వివరం కాదు, వాదనకు ముఖ్యం. పాశ్చాత్య సంగీతం పేరు చెబితేనే ఆ రాజ్యం వణికిపోయిందన్నది నిజమైతే బీటిల్స్ పాటల్ని సొంత ముద్రతో అమ్మేది కాదు.

తర్వాత గాలి మారింది. 1965 సెప్టెంబరు 15న పశ్చిమ బెర్లిన్‌లోని వాల్డ్‌బ్యూనె ఆరుబయలు రంగస్థలంలో రోలింగ్ స్టోన్స్ కచేరీ రసాభాసై, అభిమానులు బల్లలు విరగ్గొట్టారు. సడలింపు నచ్చని నాయకులకు అది ఆయుధంగా దొరికింది. వాళ్లలో ముందున్నవాడు ఎరిఖ్ హోనెకర్. అక్టోబరులో లైప్‌జిగ్‌లో నమోదైన గిటార్ బృందాల్లో అత్యధిక భాగానికి ఒక్క వేటున అనుమతులు పోయాయి. బట్లర్స్ పేరు వాటిలో మొదటి వరుసలో ఉంది. అక్టోబరు 31న విల్‌హెల్మ్ లాయిష్నర్ కూడలికి రమ్మంటూ ఇద్దరు విద్యార్థులు పిల్లల ఆట ముద్రణ పెట్టెతో కరపత్రాలు అచ్చువేశారు. వెళ్లొద్దని బడుల్లో హెచ్చరించడంతో ఆ కబురు చేరనివాళ్లకు కూడా చేరిపోయింది. రెండువేల మందికి పైగా పోగయ్యారు. అందులో మఫ్టీ పోలీసులూ, పార్టీ పంపిన మనుషులూ కూడా తక్కువేం కాదు. ఎవరూ ప్రసంగించలేదు, జెండా ఎత్తలేదు. పోలీసులు లాఠీలతో, కుక్కలతో, నీటి ఫిరంగులతో విరుచుకుపడ్డారు. 260 మందికి పైగా పట్టుకుపోయారు. వారిలో వందమందికి దగ్గరగా కుర్రాళ్లను విచారణ లేకుండానే లిగ్నైట్ గనుల్లో పనికి తోలారు. 1953 జూన్ తిరుగుబాటు తర్వాత 1989 వరకూ ఆ దేశంలో జరిగిన అనధికార ప్రదర్శనల్లో అతిపెద్దవాటి సరసన దీన్ని చెబుతారు. రచయిత ఎరిఖ్ లోయెస్ట్ 1978లో అచ్చయిన తన నవలలో కథానాయకుడిని ఆ రోజు పోలీసు కుక్క కరిచినట్టు రాశాడు. ఆ గాయం మనిషి బతుకంతా ఎలా వెంటాడుతుందో చూపించాడు. 1965 డిసెంబరులో పార్టీ కేంద్రకమిటీ సమావేశంలో పార్టీ అధినేత వాల్టర్ ఉల్బ్రిఖ్ట్ బీటిల్స్ పల్లవిలోని అరుపుల్ని ఎద్దేవా చేస్తూ, పశ్చిమం నుంచి వచ్చే ప్రతి చెత్తనూ మనం నకలు చేయాలా అని అడిగాడు.

అంటే రెండో వేటులోనూ ఆరోపణ అదే, పరాయి నకలు. ఇక్కడే రాజ్యం తన ఉచ్చు తానే పన్నుకుంది. తప్పు పరాయితనంలో ఉంటే దానికి మందు స్వదేశీతనమే కావాలి. వాయించండి, కానీ జర్మన్‌లో పాడండి, మన జీవితం గురించి పాడండి అన్నది 1960ల చివరనుంచి అధికార వైఖరి అయింది. ఆ వైఖరిని అమలుచేసే యంత్రాంగం కూడా పకడ్బందీగా ఉండేది. బృందం కమిటీ ముందు వాయించాలి, శ్రేణి తెచ్చుకోవాలి. ఆ శ్రేణిని బట్టే పారితోషికం ఉంటుంది. సాహిత్యం పరిశీలకుల చేతిమీదుగా వెళ్లాలి. రికార్డు వేసే సంస్థ దేశమంతటికీ ఒక్కటే, రేడియో ఒక్క ప్రభుత్వానిదే. ఆ చట్రంలోకి 1967లో క్లాస్ రెన్ఫ్ట్ కాంబో మళ్లీ అడుగుపెట్టింది. 1971లో ఉల్బ్రిఖ్ట్‌ను దించి హోనెకరే పీఠమెక్కాడు. సోషలిజం పునాది మీద నిలబడి మాట్లాడేవారికి కళల్లో నిషిద్ధాలంటూ ఉండనక్కర్లేదని ఆ డిసెంబరులో ప్రకటించాడు. ఆరేళ్ల కిందట గిటార్లు లాక్కున్న చేయి ఇప్పుడు తలుపు తెరిచింది. 1973 వేసవిలో తూర్పు బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ యువజనోత్సవాల ముందూ వెనుకా ఆ తలుపు బాగానే తెరుచుకుని ఉంది. రెన్ఫ్ట్ తొలి ఆల్బమ్ 1973లో, రెండోది 1974లో వచ్చాయి.

ఈ రెండు ఆల్బమ్‌ల కాలంలో బృందంలో ఎవరెవరున్నారో చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా ఆ మనుషుల స్వభావాల మధ్య జరిగింది. బేస్ గిటార్ మీద యెంచ్ ఉన్నాడు. బొంగురు గొంతుతో థామస్ షొప్పె పాడేవాడు, అతన్ని అందరూ మాన్‌స్టర్ అనేవారు. గిటార్ మీద ఉన్నవాడు సీజర్ అని పిలిచే పేటర్ గ్లేజర్, అతని గొంతు మెత్తన. కీబోర్డుల మీద క్రిస్టియన్ కూనర్ట్, డ్రమ్స్ మీద యోఖెన్ హోల్, ఇంకా పేటర్ క్షెంట్స్ ఉన్నారు. వేదిక మీద వాయించకపోయినా బృందం దిశను మార్చినవాడు గెరుల్ఫ్ పన్నాఖ్. పాటలు రాసేవాడు, తనూ గిటార్ పట్టి పాడేవాడు. అతని రాతలో ఇంగ్లిష్ పాటల అనువాదపు వాసన లేదు. ఫ్యాక్టరీ షిఫ్టు, హాస్టలు గది, బీరు బల్ల దగ్గర మాటలు, పార్టీ సభల్లో వినీవినీ అరిగిపోయిన పదాలు అందులోకి వచ్చాయి. ఆ అరిగిన పదాల్ని అతను వెక్కిరించలేదు. వాటికి ఒకప్పుడున్న బరువును తిరిగి మోపాడు. నా దృష్టిలో రెన్ఫ్ట్ సాధించినది ఇదే. అంతకుముందు తూర్పు జర్మన్ కుర్రాడికి రెండే భాషలుండేవి, అర్థంకాని ఇంగ్లిష్ పాట ఒకటి, ఎవరూ నమ్మని అధికార జర్మన్ ఒకటి. తాను ఇంట్లో మాట్లాడే భాషలో, తాను ఆలోచించే విషయం మీద, విద్యుత్ గిటార్ల హోరుతో పాట రావడం అతనికి మొదటి అనుభవం.

1975 నాటికి అధికారుల కంట పడిన పాటలు ముఖ్యంగా రెండు. ఒకటి చిన్న ఒట్టో అనేవాడి మీద రాసిన రాక్ గాథ. ఈ దేశం వదిలి వెళ్లిపోవాలని తపించేవాడి కథ అది. అనుమతి లేకుండా దేశం దాటబోవడం అక్కడ నేరం, ఆ విషయం పాటలో పలకడమే దుస్సాహసం. రెండోది విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నల పాట. ఆయుధం పట్టని సైనికుల ప్రస్తావన అందులో ఉంది. తుపాకీ పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోనివారికి పార పట్టే సైనిక సేవను తూర్పు జర్మనీ 1964లోనే చట్టబద్ధం చేసింది. వార్సా కూటమి దేశాల్లో అలాంటి వెసులుబాటు ఇచ్చినది అదొక్కటే. భుజం మీద పార గుర్తు ధరించే ఆ యువకులు ఉన్నారన్నది అందరికీ తెలుసు, పత్రికల్లో మాత్రం వారి ఊసు ఉండేది కాదు. ఇప్పుడు మూడో ఆరోపణను మొదటి రెండింటి పక్కన పెట్టండి. అమెరికా మాట లేదు, జుట్టు మాట లేదు, చప్పుడు మాట లేదు. ఉన్నదల్లా సాహిత్యం. రాజ్యం అడిగినట్టే వాళ్లు జర్మన్‌లో, తమ జీవితం గురించి పాడారు. ఆ జీవితంలో దేశం విడిచిపోవాలనుకునేవాడూ, తుపాకీ పట్టనివాడూ ఉన్నారు. పరాయి వస్తువు అని తోసేసే వీలు ఇక లేదు కనుక, ఆ వస్తువే లేదని ప్రకటించడం తప్ప మరో దారి దొరకలేదు. సెప్టెంబరు 22న వినిపించిన ఆ వింత వాక్యం ఒక అధికారి నోరుజారి అన్నది కాదు. రాజ్యం తర్కం చేరిన చివరి మెట్టు అది.

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, వీళ్లు రాజ్యం పోషించిన బృందమే కదా అన్నది. నిజమే. ప్రభుత్వ రేడియోలో వినిపించారు, ప్రభుత్వ రికార్డు సంస్థలో పాడారు, ప్రపంచంలోని విప్లవాల్ని కీర్తిస్తూ, చిలీ ప్రజల పక్షాన పాటలు కట్టారు. అందుకే వీళ్లను వీరులుగా నిలబెట్టడం అతిశయమని కొందరు అంటారు. ఆ పాటలే నా వాదనకు బలమైన సాక్ష్యం అంటాను. అవి లైసెన్సు కోసం పాడిన మొక్కుబడి పాటల్లా వినిపించవు. చిలీ అధ్యక్షుడు అలెండేను కూల్చిన సైనిక కుట్ర మీద ఆ కోపం నిజమైనది. సంకెళ్లు తగ్గిపోతున్నాయని ప్రపంచం మొత్తానికి వర్తించేలా పాడినవాడు, తన ఊళ్లో సంకెళ్ల సంగతి అడగడం సహజం. దూరదేశపు స్వేచ్ఛ మీద పాడితే చప్పట్లు కొట్టి, దగ్గరి స్వేచ్ఛ మీద పాడితే లైసెన్సు లాక్కున్నది రాజ్యం. గాయకుల స్వరం రెండు చోట్లా ఒక్కటే.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. 1975 నాటికే బృందంలో చీలిక ఉంది, ఎలాగూ విడిపోయేవాళ్లే అంటారు. పన్నాఖ్, కూనర్ట్ రాజీకి ఒప్పుకునే రకం కాదు. కొందరికి సంగీతమే ప్రాణం, పాటలో నాలుగు మాటలు మార్చి వేదిక నిలబెట్టుకుంటే తప్పేముందన్నది వారి ఆలోచన. తాగుడు, అలసట, సంపాదన తగాదాలు రాక్ బృందాలకు ఏ దేశంలోనైనా ఉంటాయి, వీళ్లకూ ఉన్నాయి. విడిపోవచ్చు కూడా. అయితే ఒక బృందం తనంతట తాను విడిపోవడానికీ, రాజ్యం ఆ బీటలో గునపం దించడానికీ తేడా ఉంది. నిషేధమయ్యాక రికార్డులు దుకాణాల నుంచి మాయమయ్యాయి, రేడియోలో పేరు వినపడలేదు. యెంచ్ 1976లో పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లిపోయాడు. అదే ఏడాది నవంబరు 16న, కొలోన్‌లో కచేరీ ఇచ్చిన కవిగాయకుడు వుల్ఫ్ బీర్‌మన్ పౌరసత్వాన్ని తూర్పు జర్మనీ రద్దుచేసింది. దాన్ని నిరసించినందుకు రచయిత యుర్గెన్ ఫుక్స్‌నూ, పన్నాఖ్, కూనర్ట్‌లనూ కొద్దిరోజుల్లోనే అరెస్టు చేశారు. తొమ్మిది నెలలు రహస్య పోలీసు ష్టాజీ నిర్బంధంలో ఉంచి, 1977 ఆగస్టులో పశ్చిమ బెర్లిన్‌కు పంపేశారు. షొప్పె 1978లో వెళ్లిపోయాడు. బృందం తగాదాలతో విడిపోయే మామూలు కథలో జైలు ఉండదు, దేశం మారడం ఉండదు.

మిగిలిన అభ్యంతరం పూడీస్, కారుసెల్ అనే ఇతర తూర్పు జర్మన్ రాక్ బృందాల గురించి. పూడీస్ 1969 నుంచి వాయిస్తూ 1973లో ఒక సినిమా పాటలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. పశ్చిమ జర్మనీలో కచేరీలు చేశారు, 1982లో జాతీయ పురస్కారం అందుకున్నారు. గ్లేజర్, హోల్ దేశంలోనే ఉండి కారుసెల్ బృందంలో వాయించారు. రాజ్యం రాక్ సంగీతాన్ని అంతగా ద్వేషించి ఉంటే ఇవెలా సాధ్యం అని అడుగుతారు. ద్వేషించలేదనే కదా నేనంటున్నది. అదే గిటార్లు, అదే హోరు, అదే పొడుగు జుట్టు పూడీస్‌కు అడ్డు కాలేదు. దేశంలోనే ఉండిపోయినవారిని నిందించడం కూడా న్యాయం కాదు. కారుసెల్ వేదికల మీద గ్లేజర్ రెన్ఫ్ట్ పాటలు కొన్నిటిని పాడుతూనే ఉండబట్టి, రికార్డు దొరకని ఆ ఏళ్లలోనూ ఆ స్వరాలు జనం చెవిలో బతికాయి. వెళ్లినవాడి తెగువకెంత విలువుందో, ఉండి పాటను కాపాడినవాడి ఓర్పుకూ అంతే ఉంది.

1989 అక్టోబరు 9 రాత్రి లైప్‌జిగ్ వలయ రహదారి మీద 70,000 మంది నడిచారు. వారిని నడిపించింది రెన్ఫ్ట్ పాటలని చెప్పడానికి ఆధారం లేదు, నేను చెప్పను. నికొలాయ్ చర్చి ప్రార్థనలు, గోర్బచేవ్ విధానం, ఖాళీ అవుతున్న దుకాణాలు, హంగరీ సరిహద్దు తెరుచుకోవడం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. అయినా ఆ జనం పలికిన తీరు గమనించదగ్గది. ప్రతి సంస్థకూ ప్రజల పేరు తగిలించుకున్న రాజ్యానికి ఎదురుగా నిలబడి, ప్రజలంటే మేమే అన్నారు. అంతర్జాతీయ శ్రామిక గీతాన్ని అందుకుని పాడారు. రాజ్యం బోధించిన గీతాన్ని రాజ్యానికే వినిపించారు. పద్నాలుగేళ్ల ముందు అదే నగరంలో ఒక బృందం చేసి దెబ్బతిన్న పని అదే. ఆ పోలికను చూడకుండా, ఎల్విస్ వల్ల గోడ కూలిందని సరిపెట్టుకుంటే లైప్‌జిగ్ జనం సొంత తెలివిని వారి చేతుల్లోంచి లాక్కున్నట్టే.

పన్నాఖ్ పశ్చిమానికి వెళ్లాక ఏం చేశాడన్నది కూడా ఇందుకు సాక్ష్యమే. కూనర్ట్‌తో కలిసి చిన్న వేదికల మీద పాడాడు. తూర్పులో మారుమోగిన పేరు అక్కడ పెద్దగా పనిచేయలేదు. 1986లో బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ తీసిన ఫాదర్‌లాండ్ చిత్రంలో కథానాయకుడి పాత్ర వేశాడు. పశ్చిమానికి వచ్చిన తూర్పు జర్మన్ గాయకుడి పాత్ర అది. నియంతృత్వం నుంచి తప్పించుకున్నవాడిగా అతన్ని అమ్ముకోవాలని రికార్డు కంపెనీ చూస్తుంది, అతను ఆ వేషం కట్టడానికి ఇష్టపడడు. అమెరికా కలల కోసం పాడినవాడైతే పన్నాఖ్‌కు ఆ పాత్ర అంతగా నప్పేది కాదు. 1990లో రెన్ఫ్ట్ మళ్లీ కలిసి తూర్పు నగరాల్లో కచేరీలు ఇచ్చినప్పుడు, ఉద్యోగాలు పోగొట్టుకుంటున్న జనం ఆ పాత పాటల్ని కంఠతా పాడారు. కొత్త జర్మనీ ఇచ్చిన మాటల్ని కూడా వాళ్లు అప్పటికే లెక్క అడగడం మొదలుపెట్టారు. పన్నాఖ్ 1998లో, యెంచ్ 2006లో, గ్లేజర్ 2008లో కన్నుమూశారు. రెన్ఫ్ట్ పేరును షొప్పె వేదికల మీద నిలబెడుతూ వచ్చాడు.